రెండు వీధుల అవతల పుట్టిల్లు

పోయిన వారం ఒక పొద్దున లంక నుంచి ఫోన్ వచ్చింది. చేసింది మా అత్తగారి పక్కింటి కోడలు.

"అన్నయ్యగారూ, పిన్నిగారు ఇంకా లేవలేదండి. పిలిస్తే పలకట్లేదు. మీరూ వదినగారూ ఓసారి రండి."

వెంటనే బయల్దేరాం. నిద్రలోనే గుండె ఆగిపోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు.

మా అత్తగారి గురించి పేపర్లో రాయదగ్గ వార్త ఏదీ లేదు. గోదావరి పాయ మధ్యనున్న ఓ లంకలో దొండ, బీర పాదులు పెట్టి, ఇంటింటికీ పాలు పోసి కూతుర్ని డిగ్రీ దాకా చదివించారు. మామగారు మా పెళ్ళికి చాలా ముందే పోయారు. నేనిది రాస్తున్నది మా అమ్మాయి పుట్టిన ఏడాది గురించి. ఆ ఏడాది నేను తీసుకున్న నిర్ణయం తప్పని ఇప్పటికీ అనుకోను. అయినా పోయిన వారం నుంచి అది నన్ను వదలడం లేదు.

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మా వైపు చర్చించే విషయం కాదు. మా ఆవిడకి నెలలు నిండేది శ్రావణంలో. ఆ రోజుల్లో లంకకి పడవ తప్ప దారి లేదు. అప్పటికే పదేళ్ళుగా పేపరు విలేఖరిగా వరద వార్తలు రాస్తున్నాను. ఓ ఏడాది నడి గోదారిలో, పడవలోనే ఒకమ్మాయి ప్రసవిస్తే గట్టున నిలబడి చూశాను. తల్లీబిడ్డా క్షేమం అని రాశాను, నిజమే. గట్టెక్కేదాకా ఆ అమ్మాయి తల్లి పడ్డ పాటు మాత్రం వార్తలో పట్టలేదు.

అందుకే కాన్పు మేముండే అమలాపురంలోనే, ఆస్పత్రిలోనే అన్నాను. మా అత్తగారు విని మర్నాడే వచ్చారు.

"అయితే మా అమ్మాయి లంకకి రాదా అండీ అల్లుడుగారూ?"

"వరద రోజులండి అత్తయ్యగారూ. అర్ధరాత్రి నొప్పులొస్తే పడవ ఎవరు తీస్తారు?"

"ఆయ్, నిజవేనండి. దీన్ని నేను కన్నప్పుడు గోదారి గుమ్మం దాకా వచ్చింది. మంత్రసాని మోకాలి లోతు నీళ్ళలో నడిచొచ్చింది. అయినా మీరన్నదీ నిజవే."

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "మీరిద్దరూ తేల్చుకుని నాకు చెప్పండి. కనేదాన్ని నేనే కదా, నాకెందుకు మధ్యలో!"

మా అత్తగారు కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చి అన్నారు. "అయితే పుట్టిల్లే ఇటొస్తదండి."

హాస్యం అనుకున్నాను. కొద్ది రోజుల్లోనే మాకు రెండు వీధుల అవతల, ఆస్పత్రికి దగ్గర్లో ఒక గది అద్దెకి మాట్లాడేసుకున్నారు. ఇంటి ఓనరుగారి భార్య ముందు ఒప్పుకోలేదు.

"అద్దెకున్నవాళ్ళ పురుడు మా ఇంట్లో వద్దండి. మేం పూజలవీ చేసుకునేవాళ్ళం."

"బిడ్డ పుట్టేది ఆస్పత్రిలోనండి. పురుడు తీరేదాకా మీ కొళాయి ముట్టుకోం. వీధి బోరింగు దగ్గర తెచ్చుకుంటాను."

"మాట తప్పరు కదా?"

"లంకవాళ్ళమండి. నీళ్ళు మొయ్యడం మాకు కొత్తా?"

అన్నట్టే బిడ్డ పుట్టాక ఆ పదకొండు రోజులూ మోశారు. నేను బిందె అందుకోబోతే, "అల్లుడు నీళ్ళు మోస్తే వీధిలో నా పరువేం కావాలండి" అని లాక్కున్నారు.

ఆ గదికి సామాను పడవలో వచ్చింది. రేవు నుంచి ఆటో మీద ఒక నులకమంచం, కాళ్ళు పైకి పెట్టుకుని వచ్చింది. మా ఆవిడ పుట్టిన మంచం అది.

"ఆస్పత్రిలో మంచాలుంటాయి కదా పిన్నిగారూ!" అన్నాడు ఆటో అతను తాడు విప్పుతూ.

"ఉంటాయి నాయనా. అయ్యి అందరివీని."

కడుపుతో ఉన్న పిల్ల ఇల్లు మారకూడదని మా వీధిలో ఒకావిడ హెచ్చరించింది. మా అత్తగారు ఆవిడకి పసుపు కుంకుమ ఇస్తూ, "పుట్టింటికెళ్ళడాన్ని ఇల్లు మారడం అంటారా అమ్మా?" అన్నారు.

ఏడో నెలలో, మంచి రోజు చూసుకుని కూతుర్ని ఆటో ఎక్కించారు. డ్రైవరు తిన్నగా పోనివ్వబోతే భుజం తట్టి ఆపారు. "ఇలాగెళ్తే ఇప్పుడే అయిపోద్ది. పుట్టింటికి వెళ్తున్నట్టుండాలి కదా. కాలవ వంతెన మీంచి తిప్పు నాయనా." మా ఆవిడ నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుంది.

ఆ ఏడాది వరద రాలేదు.

నా పని వల్ల నీటిమట్టాలు రోజూ చూసేవాణ్ణి. ఇవాళ కాకపోతే రేపు అనుకున్నాను. శ్రావణం గడిచిపోతోంది. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి ఆ గదికి వెళ్తే లోపల లంక నుంచి కూరగాయలు తెచ్చినావిడ గొంతు వినబడింది. "ఇసక తిప్పలు కూడా ఇంకా మునగలేదు వదినా. పడవ రోజూ తిరుగుతూనే ఉంది. హాయిగా పిల్లని అక్కడే ఉంచుకునేదానివి."

"గట్టిగా అనకు. అల్లుడుగారు వచ్చే వేళైంది. ఆయన ముందు గోదారి ఊసెత్తకండి ఎవరూను" అన్నారు మా అత్తగారు.

నేను మెట్ల దగ్గరే ఆగి, కాసేపు అటూ ఇటూ తిరిగి, దగ్గుతూ లోపలికి వెళ్ళాను. ఆవిడ నాకు మజ్జిగ ఇచ్చారు.

కాన్పు సుఖంగా అయింది. ఆడపిల్ల. ఆస్పత్రి నుంచి ఆ గదికే వెళ్ళారు. మంచం మీద బిడ్డని పడుకోబెట్టి మా అత్తగారు కింద చాప మీద పడుకునేవారు. ఐదో నెల వచ్చేదాకా లంకలో ఉంచుకుని పంపిస్తానని అడిగారు. టీకాలు, పిల్లల డాక్టరు ఇక్కడే కదా అన్నాను. అవీ నిజాలే. మూడో నెలలో ఆవిడ గది ఖాళీ చేసి ఒక్కరే వెళ్ళారు.

ఇక్కడికి వచ్చే ముందు ఆవిడ తన గేదెని పక్కింటి కోడలికి అప్పగించారు. దానికీ తొలిచూలే. ఈవిడ ఇక్కడుండగా అది అక్కడ ఈనింది. తిరిగి వెళ్ళాక పాలకి కూర్చుంటే చేపలేదు. తవుడు పెట్టి బుజ్జగించినా, దూడని వదిలినా పాలు దిగనివ్వలేదు. ఆ అమ్మాయి వచ్చి చెయ్యి వేస్తే వెంటనే చేపింది. కొన్నాళ్ళు చూసి గేదెని ఆ అమ్మాయికే ఉంచేసుకోమన్నారు.

మాకు ఆ సంగతి నవ్వుతూనే చెప్పారు. "తొలిసారి ఎక్కడ ఈనితే అదే దాని కొట్టమండి. దాని తప్పేముంది?"

మా ఆవిడ నవ్వలేదు. లేచి బిడ్డ ఏడవకపోయినా ఎత్తుకుంది.

తర్వాత కూడా లంకకి వెళ్ళేవాళ్ళం. పొద్దున వెళ్ళి సాయంత్రం పడవకి తిరిగొచ్చేవాళ్ళం. పిల్లకి జ్వరమనో, బడి ఉందనో, నాకు డ్యూటీ ఉందనో ఏదో ఒకటి ఉండేది. ఒక్కటీ అబద్ధం కాదు. "ఈసారైనా రాత్రికుంటారా అండీ?" అని రేవులో అడిగి, జవాబు కోసం చూడకుండా పిల్ల చేతిలో అరటిపళ్ళు పెట్టేవారు. ఎక్కువగా ఆవిడే మా ఇంటికొచ్చి పిల్లని చూసుకుని వెళ్ళేవారు.

ఇప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. ఆ ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు.

పోయిన వారం ఆ రోజు, దహనం ముగించి మగవాళ్ళం ఏటి నుంచి తిరిగొచ్చేసరికి ఎండ మండుతోంది. అమ్మమ్మ పోయిందని పొద్దుటి నుంచీ ఏడ్చిన మా అమ్మాయి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. లోపల పక్కింటి కోడలు గిన్నెలు సర్దుతోంది.

"ఆంటీ, కొంచెం మంచినీళ్ళు ఇస్తారా అండీ?"

"అయ్యో, మీ ఇల్లే కదమ్మా. లోపలికొచ్చి తీసుకో."

పిల్ల లోపలికి చూసింది. ఏది ఎక్కడుంటుందో తెలియదు. ఆ అమ్మాయే చెయ్యి కడుక్కుని నీళ్ళు తెచ్చి ఇచ్చింది. మా అమ్మాయి గుమ్మం ఇవతలే నిలబడి, కింద ఒలక్కుండా రెండు చేతులతో పట్టుకుని తాగి, గ్లాసు తిరిగి ఇచ్చి, "థాంక్సండి" అంది. తర్వాత వెళ్ళి, వచ్చినవాళ్ళ కోసం పందిట్లో వేసిన కుర్చీల్లో ఒకదాని మీద కూర్చుంది.