మామ్మ అలికిన నేల మీద గాజు గిన్నె

మా చిన్నప్పుడు అరకులో క్రిస్మస్ కేకు ఇసుకలో కాలేది... డేగిసాలో ఇసుక పోసి, పొయ్యి మీద పెట్టి, అందులో గాజు గిన్నె దింపి, మూత మీద నిప్పులు వేసేది అమ్మ. ఆ గిన్నె మిషన్ ఆసుపత్రి నర్సమ్మ ఊరు వదిలి వెళుతూ ఇచ్చింది. మా వీధిలో అలాంటిది అదొక్కటే.

ఒక ఏడు పండక్కి ముందురోజు మా నాన్న తల్లి, మామ్మ, వంటింటి నేలంతా ఎర్రమన్నుతో అలికింది. అరకు చలికి అలుకు సాయంత్రానికీ ఆరదు... (మా చలి గురించి మొదలుపెడితే కేకు మాడిపోతుంది. వద్దులెండి.)

అమ్మ గుడ్డతో గిన్నె పైకి తీసింది. గాజులోంచి కేకు బంగారంలా కనిపించింది. మామ్మ వంగి కళ్లప్పగించి చూసింది.

"ఓలమ్మ, ఎంత బాగా పొంగిందే! బేగి దించు, సెయ్యి కాల్తాది."

అమ్మ దించింది. ఆ తడి నేల మీదే.

టప్ మంది. అడుగు నుంచి ఒక గీత మెల్లగా పైకి పాకింది... ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. ఆపడానికి ఏముంది? గీత అంచుదాకా వెళ్లింది, గిన్నె రెండుగా విడిపోయింది.

"ముట్టకురా గుంటడా, పెంకులుంటాయి!" అంది అమ్మ. ఇల్లంతా కేకు వాసన... తినే దారి లేదు.

మామ్మ మొహం పాలిపోయింది. "నా కన్నే తగిలిందే..."

"ఏటత్తా ఆ మాటలు? గాజు గదా, పగుల్తాది."

చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషికి దిష్టేమిటని పాస్టరు గారూ చెప్పి చూశారు. వినలేదు. ఆ తర్వాత అమ్మ సత్తు గిన్నెలో కేకు చేసినా, మామ్మ అరుగు మీద పొయ్యికి వీపు పెట్టి కూర్చునేది. "కోసేయండి, అప్పుడొత్తాను" అనేది. పోయేదాకా అంతే...

మొన్న మా కోడలు ఓవెన్లోంచి గాజు పాత్ర తీసి చెక్కపలక మీద పెట్టింది. "తడి బండ మీద పెడితే అడుగు చప్పున ముడుచుకుంటుంది మామయ్యా, పైభాగం ఇంకా వేడిగానే ఉంటుంది. అందుకే పగుల్తుంది" అంది.

ఇక ఊరుకుంటానా, కూర్చుని చదివాను. బోరోసిలికేట్ గాజు వేడికి తక్కువ సాగుతుంది కాబట్టి కొంత ఓర్చుకుంటుందట, మామూలు గాజు ఓర్చుకోదట, తడి తగిలితే దేన్నీ నమ్మకూడదట. ఇసుకలో మెల్లగా వేడెక్కబట్టే మా గిన్నె అన్నాళ్లు బతికిందన్నమాట.

నీ కన్ను కాదే మామ్మా, అని చెప్పాలనిపించింది... "మరేటిరా?" అని అడుగుతుంది కదా. నువ్వు అలికిన నేలేనని ఎలా చెప్పను?

ఇప్పుడు మా వంటింట్లో టైల్సు, అలికే పనే లేదు. ఓవెన్ తలుపుకి గాజు, లోపల లైటు... కేకు పొంగుతుంటే ఎంతసేపైనా చూడొచ్చు. మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలా పొయ్యికి వీపు పెట్టి కూర్చున్నారా? ఉంటే వాళ్ల సంగతి చెప్పండి... వింటాను.