ఖాళీ గోలుకు కాపలా

మా పెద్దనాయన చనిపోయాడు. నెల కావస్తోంది. రాబర్ట్‌సన్‌పేట బజారులో నా టైలర్ షాపు షట్టరు ఎత్తుతుంటే ఫోన్ మోగింది. ఆండర్సన్‌పేటలో ఆయన ఎదురింటామె. "అక్కా, పెద్దాయన పలకడం లేదు, బిరీన రా" అంది. షట్టరు సగంలో వదిలేసి ఆటో ఎక్కాను. నేను వెళ్లేసరికే అయిపోయింది.

పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. మా పెద్దనాయన గురించి మంచి తప్ప చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. కానీ బతికున్న పెద్దమనుషుల గురించి అలాంటి నియమం ఏదీ ఉన్నట్టు లేదు. అందుకని ఒకాయన గురించి కూడా రాస్తాను. పేరు రాయను. మా ఇంట్లో ఆ పేరు ఎన్నడూ పలకలేదు. చొక్కా మీద ఉన్న నంబరుతోనే చెప్పుకునేవాళ్లం, పదో నంబరు అని.

పెద్దనాయన బంగారు గనిలో టింబర్ పని చేసేవాడు. లోపల బండ కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఆదివారం మాత్రం పైన, టౌన్‌షిప్ స్టేడియంలో, మా షాఫ్టు టీముకు గోల్‌కీపర్. గనిలోకి దిగే బావిని షాఫ్టు అంటాం. ఆట మొదలయ్యే ముందు రెండు గోల్‌పోస్టులనూ అరచేత్తో చరిచేవాడు. లోపల దుంగను కూడా అలాగే చరిచి చూస్తారట. ఆ అలవాటు ఎంతగా పట్టుకుందంటే ఎవరింటికి వెళ్లినా ద్వారబంధం చరిచి గానీ లోపలికి వచ్చేవాడు కాదు. పెండ్లిచూపులకు వెళ్లినా అంతే.

ఇంట్లో ఆయన ఏ వస్తువూ చేతికి అందించడు. విసురుతాడు. ఉల్లిగడ్డ అడిగితే ఉల్లిగడ్డ గాల్లో వస్తుంది, "పట్టు!" అనే మాట దాని వెనకాల వస్తుంది. కింద పడేసినవాళ్లే దాన్ని తరగాలి. రాగిముద్ద తింటూ తింటూ కూడా నిమ్మకాయ విసిరేవాడు. కాలు అడ్డం పెట్టి ఆపితే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "చేతులుండంగా కాలెందుకే? వంగు! వంగనోడికి బంతీ దక్కదు, కూడూ దక్కదు" అని తిట్టేవాడు. నా పెండ్లిలో పెండ్లికొడుకు బండి దిగీ దిగకముందే కొబ్బరికాయ విసిరాడు. మగపెండ్లివాళ్లు బిత్తరపోయారు. ఆయన మాత్రం మా అమ్మ వైపు తిరిగి, "పట్టినాడమ్మా, పర్వాలేదు, ఇచ్చేయొచ్చు" అన్నాడు.

ఇంగ ఆ ఫైనలు గురించి చెప్పాలి.

గనుల కంపెనీ సర్కారు చేతికి వచ్చేసిన రోజులవి. తెల్లదొరలు పోయారు, ఆ కుర్చీల్లో మనవాళ్లే కూర్చుని వాళ్లకంటే పెద్ద దొరలయ్యారు. ఆ ఏడు ఫైనలు మా షాఫ్టు టీముకూ, ఆఫీసర్ల టీముకూ. ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు నిజానికి పెద్దనాయనది. ఆట ఉందని మా నాయన తన అన్న బదులు దిగాడు. ఇద్దరిదీ ఒకటే పని. "నువ్వు పైన గోలు చూసుకో, నేను కింద దుంగలు చూసుకుంటా" అని నవ్వుకుంటూ పోయాడట. నేను మా అమ్మ పక్కన గ్యాలరీ మెట్ల మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నాను.

ఆట ముగిసే వేళకు ఎవరూ గోలు కొట్టలేదు. అప్పుడు భూమి అదిరింది. సోడా బండిలో సీసాలు గలగలమన్నాయి. లోపల ఎక్కడో బండ పగిలితే పైన మాకు అలా తెలుస్తుంది.

మా ఊళ్లో భూమి అదిరితే అందరూ చేసేది ఒకటే. చేతిలో పని ఎక్కడిదక్కడ ఆపి షాఫ్టు వైపు చూస్తారు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదలరు. పాఠం చెప్పే టీచరు సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోతుంది. ఎవరూ నేర్పే పని లేదు. కింద ఎవరి మనిషో ఒకరు ఉంటారు. ఆ రోజు స్టేడియం అంతా అలాగే నిలబడిపోయింది. రెండు టీములూ ఆగిపోయాయి. రెఫరీ ఈల నోట్లోనే పెట్టుకుని షాఫ్టు చక్రం వైపు చూస్తున్నాడు. పెద్దనాయన గోలు వదిలేసి గీత దాటి, షాఫ్టు వైపు పరుగెత్తాడు.

ఒక్క మనిషి ఆగలేదు. పదో నంబరు. బంతి తన్నుకుంటూ తన్నుకుంటూ వచ్చి ఖాళీ గోలులోకి కొట్టాడు. వల ఊగింది. రెండు చేతులూ పైకెత్తి చుట్టూ చూశాడు. అప్పటికే ఆడవాళ్లంతా గేటు వైపు పరుగులు తీస్తున్నారు. అమ్మ నా రెక్క పట్టుకుని లాగింది. నా ఒళ్లో శనక్కాయలు మెట్ల మీద చెల్లాచెదురయ్యాయి. ఈ రెండూ ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టు ఉన్నాయి, ఆ చేతులూ ఈ శనక్కాయలూ.

నాయనను పైకి తెచ్చేసరికి మరుసటి రోజు పొద్దెక్కింది. మేం ఏడుపుల్లో ఉండగానే కమిటీ కూర్చుని తేల్చేసింది. ఈల ఊదలేదు కాబట్టి ఆట ఆగినట్టు కాదు, రూలు ప్రకారం అది గోలే. కప్పు ఆఫీసర్ల క్లబ్బు అద్దాల బీరువాలోకి వెళ్లింది. మా నాయన శ్మశానానికి వెళ్లాడు.

"మనిషి అయ్యేదానికి కూడా ఈల ఊదల్లనా వానికి?" ఈ మాట పెద్దనాయన ఆ రోజు మొదలుపెట్టి చచ్చేదాకా అన్నాడు.

నన్నూ అమ్మనూ ఆయనే చూసుకున్నాడు. పెద్దమ్మ అంతకు ముందే పోయింది, పిల్లలు లేరు. తర్వాత ఆయన మ్యాచులు ఆడలేదు, కానీ స్టేడియం వదల్లేదు. గనివాళ్ల ఇళ్ల లైన్లలో కుర్రాళ్లను పోగేసి వాళ్లను కీపర్లను చేయడమే పని. బంగారం తీశాక పారబోసిన సైనైడ్ దిబ్బ మీది తెల్లటి దుమ్ము గాలికి లేచి కళ్లలో పడుతున్నా వదిలేవాడు కాదు. "ఆఫీసర్ల టీముకు ఇంగ ఈ గ్రౌండులో గోలనేదే దొరకకూడదు" అనేవాడు. ఇది ఆటమీది ప్రేమ అని కొందరు అనుకుంటారు. సంతాపసభలో కూడా అలాగే మాట్లాడారు. కాదయ్యా. అది పగ. శుద్ధమైన పగ. ఆయనే చెప్పేవాడు, దాచుకునేవాడు కాదు.

పదో నంబరు పెద్ద ఆఫీసరయ్యాడు. టోర్నమెంటుకు చీఫ్ గెస్టుగా రావడం మొదలుపెట్టాడు. మా దగ్గర చీఫ్ గెస్టు బంతిని ఖాళీ గోలులోకి తన్నితేనే ఆట మొదలు. మొదటిసారి ఆయన బంతి ముందు నిలబడగానే పెద్దనాయన గ్యాలరీ దిగి, లుంగీ ఎగ్గట్టి, పోస్టులు రెండూ చరిచి, గోలులో నిలబడ్డాడు. జనం వేడుక అనుకుని నవ్వారు. సారు కూడా నవ్వి తన్నాడు. పెద్దనాయన బంతి పట్టుకుని నడిచి వెళ్లి ఆయన చేతిలో పెట్టి, "అది గోలు కాదని మైకులో చెప్తావా సారూ?" అని అడిగాడు. సారు నవ్వు అక్కడితో ఆగింది.

ఆయన వచ్చిన ప్రతి ఏడూ ఇదే. ఒక్క బంతి కూడా లోపలికి పోలేదు. మ్యాచ్ చూడనివాళ్లు కూడా దీన్ని చూడటానికి వచ్చేవాళ్లు. పెద్దనాయనను అడ్డుకొమ్మని గేటు దగ్గర వాచ్‌మన్‌కు చెప్పారు. ఆ వాచ్‌మన్ పెద్దనాయన దగ్గర నేర్చుకున్న కీపరు. ఇంకేం అడ్డుకుంటాడు!

గనులు మూతపడ్డాయి. స్టేడియం గోడ రాళ్లు ఊడిపోయాయి, మేకలు లోపలికొచ్చి మేశాయి. పని కోసం ఊరంతా తెల్లారి రైలెక్కి బెంగళూరు పోవడం మొదలైంది. సారు కూడా అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఒకసారి కారులో ఆండర్సన్‌పేటకు, మా ఇంటికే వచ్చాడు. ఒక కవరు నిండా యాపిల్ పండ్లు. ఏ మొహం పెట్టుకుని వచ్చాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"పెద్దాయనా, ఇంగ వదిలేయండప్పా. అందరం ముసలోళ్లమైపోతిమి" అన్నాడు.

"అది గోలా, కాదా?"

నేల చూస్తూ, "కాదు" అన్నాడు.

"నాకు చెప్తే ఏం లాభం? నేను కీపర్‌ని, నాకు తెలీదా? పోయి గ్రౌండులో చెప్పు."

"అంతమంది ముందర ఎట్ల చెప్పేది?"

"అంతమంది ముందరే గదా కొట్టినావు!"

సారు లేచాడు. పెద్దనాయన కవరులోంచి ఒక యాపిల్ తీసి "పట్టు!" అని విసిరాడు. అది ఆయన చేతుల్లోంచి జారి మంచం కిందికి దొర్లింది. ఆ పండ్లేవీ మేం తినలేదు. ఆవుకు వేశాం.

అమ్మ మాత్రం నాతో అంది, "ఆ కోపం ఆయప్ప మీద కాదే. తన షిఫ్టుకు తమ్ముడు పోయినాడని తన మీద తనకే కోపం. వదిలెయ్యమని చెప్పు మీ పెద్దనాయనకు." అమ్మ చెప్పింది నిజమే కావచ్చు. అయినా ఒక మనిషి తనను తాను తిట్టుకుంటున్నంత మాత్రాన ఇంకొకడి తప్పు మాసిపోతుందా? నేను చెప్పలేదు. ఇప్పుడు ఆయన ఉన్నా చెప్పను.

చివరి రోజుల్లో ఆయనకు తిండి తగ్గింది. ఒకరోజు నా ముందర కమలాపండు విసరబోయాడు. అది దుప్పటి మీదే పడింది. దానివైపు చూసి, "ఈసారి చీఫ్ గెస్టు ఎవరంట?" అన్నాడు.

"పదో నంబరే అంట."

"గోలు ఖాళీగా ఉంటాది."

ఆయన నా చెయ్యి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "నాకు పగ ఉండాది మ్మా. దాన్ని నేను ఎత్తుకోని పోను. ఈడనే పెట్టి పోతాను" అన్నాడు. మరో వారానికి పోయాడు.

పదకొండో రోజు అయ్యాక టోర్నమెంటు కుర్రాళ్లు షాపుకు వచ్చారు. "పెద్దాయన పేరు మీదే ఈసారి కప్పు అక్కా" అన్నారు. సంతోషించాను. "చీఫ్ గెస్టును మార్చినారా?" అంటే ఒకడు తల గోక్కున్నాడు. "సారు తానే వస్తానన్నాడు. పెద్దాయనతో కలిసి ఆడినోడు గదక్కా."

కలిసి ఆడాడట! "రానీయండి" అన్నాను.

ఆదివారం అమ్మను ఆటోలో తీసుకెళ్లాను. ఆ ఫైనలు తర్వాత అమ్మ ఆ గేటు దాటడం అదే మొదలు. "నాకెందుకే" అంటూనే వచ్చింది. సారు తెల్ల చొక్కాలో, చేతికర్రతో వచ్చి మైకు పట్టుకున్నాడు. వాళ్లిద్దరూ మైదానంలో ప్రత్యర్థులే గానీ బయట మంచి మిత్రులట. మిత్రులట! అమ్మ నా వైపు చూసింది.

"ముఖ్య అతిథిగళు ఈగ బాల్ కిక్ మాడుత్తారె" అని అనౌన్సర్ కన్నడంలో చెప్పాడు, ముఖ్య అతిథి ఇప్పుడు బంతి తన్నుతారని. నేను చెప్పులు గీత బయట విడిచి, కొంగు దోపుకుని గోలులోకి నడిచాను. పోస్టులు రెండూ చరిచాను. అరచేతులకు తుప్పు అంటింది. యాభై దాటిన దాన్ని, మోకాళ్లు నొప్పులు, జీవితంలో బంతి ఆడి ఎరగను. "అమ్మా, సైడుకు రండి" అని అనౌన్సర్ అంటున్నాడు. నేను సారునే చూస్తున్నాను. ఆయనకు నేను ఎవరో తెలిసింది. ముఖంలో కనపడింది.

తన్నక తప్పలేదు, తన్నాడు. ముసలి కాలు. బంతి దుమ్ములో దొర్లుతూ దొర్లుతూ వచ్చింది. కాలు అడ్డం పెడితే ఆగిపోయేదే. నేను వంగాను. మోకాళ్లు పటపటమన్నాయి. రెండు చేతులతో ఎత్తి గుండెకు పెట్టుకున్నాను. గ్యాలరీలో పాత గనివాళ్లంతా లేచి నిలబడ్డారు.

ఆయన దగ్గరికి వెళ్లాను, బంతి ఇవ్వలేదు. "ఒక్క మాట మైకులో చెప్పండి సారూ, ఇస్తాను" అన్నాను.

ఏ మాట అని ఆయన అడగలేదు. మైకు తీసుకున్నాడు. ఆయన ఊపిరి స్పీకర్లలో వినిపించింది. ఒక్క క్షణం, చెప్పేస్తాడనే అనుకున్నాను.

"ఎండ ఎక్కువుంది. మ్యాచ్ స్టార్ట్ చేయండి" అని మైకు తిరిగి ఇచ్చేశాడు.

గ్యాలరీలో ఒక ముసలాయన, "ఈల ఊదల్లనా సారూ?" అని కేకేసి, రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. పక్కనాయన వేశాడు. ఆ పైన గ్యాలరీ మొత్తం. ఆ రోజు రెఫరీ నోట్లో ఆగిపోయిన ఈల అంతా కలిపి ఇప్పుడు ఊదినట్టు ఊదారు. సారు కారు ఎక్కేదాకా, కారు గేటు దాటేదాకా ఊదుతూనే ఉన్నారు. నాకు జాలి వేయలేదు. వేయాల్సింది అని ఎవరైనా అనుకుంటే వాళ్లిష్టం.

ఆటకు వేరే బంతి తెచ్చుకున్నారు. ఈ బంతిని ఆటోలో అమ్మ ఒళ్లో పెట్టుకుంది, ఇంటిదాకా వదల్లేదు. ఇప్పుడది నాయన ఫోటోకూ పెద్దనాయన ఫోటోకూ మధ్య ఉంది. రోజూ పొద్దున దీపం పెట్టే ముందు అమ్మ దాని మీది దుమ్ము తుడుస్తుంది. నిన్న తుడుస్తూ వేలితో నొక్కి చూసి నన్ను పిలిచింది.

"గాలి తగ్గినట్టుండాది. సైకిల్ షాపుకు పోయి కొట్టించుకోని రా. ఆ పదో నంబరాయప్ప ఆ మాట చెప్పేదానికి వచ్చేటప్పటికి గట్టిగా ఉండల్ల."