మౌల్సాబ్ తరగతిలో అరువు పిల్లలు

మొన్న బోధన్ నుంచి ఓ హెడ్మాస్టరు ఫోను చేశాడు. మా పాత బడి చరిత్రను పుస్తకంగా వేస్తున్నారట, మొదటి పేజీలో అక్కడ పంతులుగా చేసిన మా నాన్న, మా బాపు ఫోటో పెడతారట. "సారు గురించి నాలుగు మంచి మాటలు రాసియ్యుండ్రి మేడం" అన్నాడు. నాలుగేం ఖర్మ, నలభై రాయగలను. బాపు చేతి దెబ్బలు తిన్నవాళ్ళు కలెక్టరాఫీసు కుర్చీల దాకా వెళ్ళారు, అది నిజమే. కానీ కాగితం ముందేసుకోగానే నాకు గుర్తొచ్చింది బాపు కాదు, ఉర్దూ చెప్పే మౌల్సాబ్. ఆయన పేరు ఆ పుస్తకంలో ఎక్కడా ఉండదని అడక్కుండానే తెలుసు.

అసలు ఆ బడి పేరు సంపాదించింది ఉర్దూ తరగతులతోనే. అక్కడ చదివినవాడికి తహశీలు కచేరీలో మున్షీ నౌకరి ఖాయమని కోటగిరి, చందూరు వాళ్ళు కూడా పిల్లల్ని తెచ్చి చుట్టాల ఇళ్ళలో ఉంచేవారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఓడలు బళ్ళయ్యాయి. బాపు చెప్పే తెలుగు తరగతుల్లో మెడ తిప్పడానికి చోటుండేది కాదు. గోడకవతల మౌల్సాబ్ గదిలో దసరాకొక బెంచీ, రంజానుకొక బెంచీ ఖాళీ అవుతూ వచ్చాయి. ఖాళీ బెంచీలను కూడా ఆయన రోజూ తుడిపించేవాడు. తీరిక దొరికితే మా తెలుగు పిల్లలకు రెల్లు కలాలు చెక్కిచ్చేవాడు. ఓ చలికాలం, చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన ఊరంతా కమ్ముకున్న రోజుల్లో, పక్క ఊళ్ళో ఉర్దూ తరగతి మూసేశారని కబురొచ్చింది. పదిహేను రోజులకు ఇంకో ఊరు. ఇన్‌స్పెక్టరు వస్తాడు, తలలు లెక్కపెడతాడు, తక్కువున్నాయనిపిస్తే రాసుకుపోతాడు. ఆ రోజుల్లో బడి ముందు జీపు చప్పుడైతే చాలు, మౌల్సాబ్ చేతిలో సుద్దముక్క ఆగిపోయేది.

బాపూ, మౌల్సాబూ ఒకే కంచంలో తినకపోయినా ఒకే సైకిలు మీద తిరిగిన స్నేహితులు. స్నేహితుడి నౌకరి నిలబెట్టే ఉపాయం బాపుకే తట్టింది. మా తరగతి నుంచి ఎనిమిది మందిని అరువిచ్చి, బడి మానేసిన ఉర్దూ పిల్లల పేర్లతో అక్కడ కూర్చోబెట్టడం. అమ్మ వింటూనే వడ్డించే చెయ్యి ఆపింది.

"గిది మంచిగ లేదు. దొరికితే ఇద్దరి నౌకరీలు పోతయ్."

"ఎవలు పట్టుకుంటరే? నువ్వు ఊకో," అన్నాడు బాపు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నిజామాబాదుకు వెళ్ళిపోయిన ఓ దర్జీ కూతురి పేరు నా వంతుకొచ్చింది. మూడు రోజులు, పేరు పిలవగానే "హాజిర్ జనాబ్" అని మా చేత పలికించారు. తలమీద ఓణీ జారకుండా ఎలా కూర్చోవాలో నేర్పారు. అన్నీ నేర్పారు గానీ, నేర్పాల్సిన ఒక్క ముక్క ఇద్దరు పంతుళ్ళలో ఎవరికీ తోచలేదు.

ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం వచ్చాడు. హాజరీ బ్రహ్మాండంగా జరిగింది. నేనైతే అవసరానికి మించే అరిచాను. ఆయన రిజిస్టరు మూసి, లేచి, ఏదో గుర్తొచ్చినట్టు "వాచకాలు తెరవండి" అన్నాడు. తెరిచాం. అరువు పిల్లలం ఎనిమిది మందిమీ, అలవాటుకొద్దీ, తెలుగు వాచకంలాగే కుట్టు ఎడమ పక్కకు పెట్టుకుని అట్ట ఎత్తాం. ఉర్దూ పుస్తకం కుడి పక్క నుంచి మొదలవుతుందని, మేం తెరిచింది ఆఖరి పేజీ అని ఆ గదిలో తెలియనిది మాకే. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఒక్కో బెంచీ దగ్గరా ఆగుతూ వచ్చి, నా పుస్తకం మూసి, తిరగేసి, మళ్ళీ నా ముందు పెట్టాడు. ఆయన గుమ్మంలో నిలబడ్డ బాపు వైపు తిరిగి అడిగాడు.

"వీళ్ళు ఎవరి పిల్లలు?"

బాపు పెదవులు కదిలాయి. మాట రాలేదు.

"మాస్టర్ సాబ్‌కు ఏం తెల్వదు, సాబ్," అన్నాడు మౌల్సాబ్. "నేనే తెచ్చి కూసోబెట్టిన. తప్పు నాదే."

బాపు తల దించుకున్నాడు. కన్నకూతుర్ని నన్ను కూడా ఎరగనట్టే నిలబడ్డాడు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. గదికి తాళం పడింది, మౌల్సాబ్ నౌకరి పోయింది. వాళ్ళింట్లో ఆడవాళ్ళు అప్పటికే బీడీలు చుట్టేవారు. ఆయన వాళ్ళ పక్కన కూర్చుని ఆకు కత్తిరించడం నేర్చుకున్నాడు. బాపు హెడ్మాస్టరయ్యాడు, ఆయన కష్టంతోనే బడి పేరు ఇందల్వాయి దాకా పాకింది. కానీ దారిలో మౌల్సాబ్ కనబడితే సైకిలు పక్క గల్లీలోకి తిప్పేవాడు. ఓసారి మౌల్సాబ్ నాకు ఎదురుపడి "మంచిగ చదువుతున్నవా బిడ్డా? బాపు బాగున్నడా?" అని అడిగాడు. ఇంటికొచ్చి చెబితే బాపు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మౌల్సాబ్ చనిపోయిన రోజు బాపు చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, మళ్ళీ మంచం మీద కూలబడ్డాడు. బాపంటే నాకు ప్రాణం. ఆ మౌనాన్ని మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ మధ్యాహ్నం నోరు తెరవడానికి ఆయనకు ఒక్క నిమిషం సరిపోయేది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికాడు గానీ, ఆ నిమిషం మళ్ళీ దొరకలేదు.