అమ్మ మోకాళ్ల నొప్పి

మా అమ్మకు మోకాళ్ల నొప్పి అని ఏడాది పాటు నమ్మాను. ఆమె అలా చెప్పింది కాబట్టి నమ్మాను.

నాన్న పోయాక మిట్టేమరి ఇంట్లో మేమిద్దరమే. నాకు బాగేపల్లిలో విత్తనాల షాపు. మాది కన్నడ రాజ్యమే అయినా ఈ వైపు ఇళ్లలో మాట తెలుగే. అమ్మ కాళ్లు ఎడంగా పెట్టి నడవడం, నాలుగడుగులకోసారి గోడ పట్టుకుని నిలబడడం గమనించి, ఏమని అడిగాను. మోకాళ్లంది. నూనె తెచ్చాను. తర్వాత మోకాలికి వేసుకునే పట్టీ తెచ్చాను. దాన్ని ఆవు కొట్టంలో మేకుకు తగిలించింది.

చివరికి చిక్కబళ్లాపురం బయట కొత్తగా కట్టిన పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ఎముకల డాక్టరు మంగళూరు వైపు సముద్రపొడ్డు మనిషి. పాఠ్యపుస్తకం చదివినట్టు కన్నడ మాట్లాడతాడు. తెలుగు ఒక్క ముక్క రాదు. అమ్మ సంతలో కన్నడంలో బేరాలాడుతుంది గానీ, ఆ గదిలో మాత్రం తనకు కన్నడ రాదంది. మధ్యలో నేను తర్జుమా చేశాను. రెండుసార్లు వెళ్లాం, రెండుసార్లు ఎక్స్‌రే తీశారు.

"ఈ వయసుకు ఇంత మంచి మోకాళ్లు నేను చూడలేదు" అన్నాడు డాక్టరు. అమ్మకు చెప్పాను.

"అట్లయితే పోదాం పా" అంది.

మూడోసారి డాక్టరు ఆమె కూర్చున్న తీరు చూశాడు. కుర్చీ అంచున, ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. నన్ను బయట ఉండమన్నాడు. ఆమెకు కన్నడ రాదని గుర్తు చేశాను. చింతామణి ఊరి నర్సమ్మ ఉంది, ఆమెకు తెలుగొచ్చు, పిలుస్తానన్నాడు.

వరండాలో చాలాసేపు కూర్చున్నాను. నర్సమ్మ బయటికొచ్చి నా పక్కన కూర్చుంది.

"మీయమ్మకి మోకాళ్లు కాదప్పా. గర్భసంచి కిందికి జారిండాది. నాలుగేండ్లాయంట. గుడ్డ కట్టుకొని పనులన్నీ చేస్తాండాది."

"నాకొక మాట చెప్పలేదమ్మా."

"కొడుక్కి ఎట్ల చెప్తాదప్పా? డాక్టరుకి చెప్పాలన్నా నువ్వే మధ్యలో ఉండావు."

ఆ నాలుగేళ్లలో ఆమె ఎత్తిన నీళ్ల క్యాన్లు గుర్తొచ్చాయి. నేను బండి మీద తెచ్చి గడప దగ్గర దించేవాణ్ణి. లోపలికి ఆమె మోసేది. అలా ఎన్ని మోసిందో లెక్కపెట్టబోయి మానేశాను.

లోపలికి వెళ్తే అమ్మ గోడవైపు చూస్తోంది.

"ఆయమ్మ చెప్పేసిందా?"

"చెప్పింది."

"ఇంగ ఆ మాట మనం మాట్లాడుకోవద్దు."

"సరేమ్మా."

ఆడవాళ్ల డాక్టరమ్మ చూసి ఆపరేషన్ చేయాలంది. ఒప్పుకోలు కాగితం కన్నడంలో ఉంది. చదివి వినిపించమన్నారు. గర్భకోశం అన్న మాట దగ్గర ఆగిపోయాను.

"ఏం రాసిండారు?" అంది అమ్మ.

"ఆపరేషన్ అని."

"దేనికని రాయలేదా?"

"రాసిండారు."

"అది నువ్వు సదవొద్దులే" అని సంతకం పెట్టింది. డాక్టరమ్మ నర్సమ్మను పిలిచి, నన్ను బయటికి పంపి, మొత్తం మళ్లీ చదివించింది.

ఆపరేషన్ బాగా జరిగింది. వార్డులో ఆరు మంచాలు. అక్కడ అమ్మ కన్నడం ధారాళంగా మాట్లాడింది. నేను క్యారియర్ పట్టుకుని వెళ్లగానే ఆరుగురూ మాటలాపేసి వానల గురించి మొదలుపెట్టేవాళ్లు. పక్క మంచం మీది చాకవేలు ఊరావిడకూ ఇదే జబ్బట. రెండేళ్లుగా మొగుడికి గ్యాస్ అని చెబుతోందట. ఈ సంగతి నాకు చెప్పింది నర్సమ్మే.

ఇంటికొచ్చాక మూడు నెలలు బరువులెత్తొద్దన్నారు. నీళ్లు నేనే మోశాను. పాలు నేనే పిండాను. ఆవు నన్ను ఒప్పుకోవడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ టీ నల్లగానే తాగాం. అమ్మ అరుగు మీద కూర్చుని, నేను పొదుగు పట్టుకునే తీరు తప్పని చెబుతూ ఉండేది. ఆమె అంత తీరిగ్గా కూర్చోగా చూడడం నాకు అదే మొదలు.

నాలుగో నెలలో ఒక పొద్దున అమ్మ కొత్త చీర కట్టుకుని బయల్దేరింది. మా వీధి ఆడవాళ్లిద్దరు గేటు దగ్గర సంచులతో నిలబడి ఉన్నారు. చిక్కబళ్లాపురం ఆసుపత్రికట.

"నేనూ రానా? వాళ్లకేమైంది?" అన్నాను.

"నీకెందుకప్పా. నువ్వు షాపుకి పో."

షాపుకి పోయాను.