అడకత్తెర కేసు

అన్నాచెల్లెళ్లు కలిసి దొంగల్ని పట్టుకునే కథలు చదివినప్పటి నుంచి, మా పిల్లలిద్దరికీ ఇంట్లో ఏది కనబడకపోయినా కేసే. ఈ రోజు పెనుకొండలో మా అత్త అడకత్తెర పోయింది. ఇద్దరూ పోట్లాట మానేసి, మంచాల కింద దూరి మరీ వెతికారు. సాయంత్రం చిన్నది వాళ్లవ్వ ముందు నిలబడింది.

"నీ నోరు ఎర్రగా ఉండాది. అడకత్తెర లేకుండా వక్క ఎట్ల కత్తిరించినావవ్వా?"

ఆమె నవ్వి, దిండు కింద నుంచి తీసిచ్చింది. తర్వాత వంటింట్లోకి వచ్చి నాతో మెల్లగా అంది: "పొద్దున్నుంచి నీకు వాళ్ల పంచాయితీ తప్పింది కదమ్మా. రేపేం దాచిపెట్టల్ల?"

ఆ కథలు రాసినవాళ్లకు ఒక దండం, మా అత్తకు రెండు. రేపటికి నా దువ్వెన ఇచ్చాను. ఇట్లాంటి దొంగ మీ ఇంట్లోనూ ఉన్నారా?