ప్రాణాలతో గడప తొక్కిన కొర్రమీను

లోకాలన్నీ మునిగిపోతున్న వేళ చేపరూపమెత్తి నావను ఒడ్డుకు లాగిన స్వామికి ముందుగా శతకోటి దండాలు. అంతటివాడు నీళ్ళలోకి దిగడానికి మొహమాటపడలేదు. ఆయన భక్తుణ్ణని చెప్పుకునే నేను మాత్రం చేపల దుకాణం గడప తొక్కడానికి ముక్కు మూసుకున్నాను. అందుకు నాకు జరిగిన శాస్తి ఎలాంటిదో చెబుతాను. భోంచేస్తూ చదువుతుంటే ముద్ద దించేయండి. పొలమారితే బాధ్యత నాది కాదు.

మేడ్చల్‌లో మా భజన మండలికి తాళాలు వాయించేది నేనే. మెడలో తులసిమాల, ఇంట్లో నీచు అన్న మాటే వినపడదు. పొట్టకూటికి ఒక ఆఫీసులో వెబ్ అప్లికేషన్లు రాస్తాను. అలాంటి నాకు శామీర్‌పేట వైపు మత్స్యకారుల సంఘం పని ఒకటి వచ్చింది: చేపలను నేరుగా ఇళ్ళకు అమ్మిపెట్టే అప్లికేషన్. అప్పటిదాకా వాళ్ళ వలలో పడ్డ చేపంతా ఒక సేటు చెప్పిన ధరకే పోయేది. మృగశిర కార్తె నాడు ఊరంతా చేప తింటుంది కదా, ఆ రోజు అమ్మకం నిలబడితే సేటును వదిలేద్దామని, లేకపోతే మళ్ళీ ఆయన గుమ్మానికే పోదామని సంఘం అనుకుంది.

మండలి పెద్దాయన నన్ను ఆపాడు. "నీసు పని నీకెందుకు బిడ్డా?"

"దేవుడు చేపయితే దండం పెడ్తం. చేపలు పట్టేటోళ్ళకు పని చేసి పెడ్తే తప్పా తాతా?"

ఈ మాట ఈనాటికీ వెనక్కి తీసుకోను.

ఆ రోజుల్లో నాకు ఒక పద్ధతి మీద కొత్తగా భక్తి పుట్టింది: బిహేవియర్ డ్రివెన్ డెవలప్‌మెంట్. పేరు చూసి జడుసుకోకండి. కోడ్ రాయకముందే అప్లికేషన్ ఎలా నడుచుకోవాలో మామూలు మాటల్లో రాసుకుంటాం: "ఈ పరిస్థితిలో ఇలా చేస్తే, అప్పుడు ఇలా జరగాలి." ఆ వాక్యాలనే కంప్యూటర్ చేత పరీక్షలుగా నడిపిస్తాం. జరిగితే పచ్చ, జరగకపోతే ఎరుపు. నియమం ఒకటుంది: ఆ వాక్యాలను వాడబోయేవాళ్ళ పక్కన కూర్చుని రాయాలి. పద్ధతంతా స్తోత్రంలా కంఠస్థం చేసిన నేను సరిగ్గా ఆ నియమం దగ్గరే కునుకు తీశాను.

సంఘంలో అమ్మకాలు చూసేది బాలమణక్క. ఆమె దుకాణం రోడ్డుకు అటువైపు. నేను ఇటువైపు, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని. మధ్యలో లారీలు.

"అక్కా! చేపలు కొనేటోళ్ళకు ఏం కావాలె?" అని అరిచాను.

"చేప కావాలె! ఇంకేం, చెప్పులు కావాల్నా?"

"గంతేనా?"

"ఇటు రారాదు బిడ్డా, కూసొని మాట్లాడుదాం!"

"పూజకు పోవాలె అక్కా, మైల పడ్త!"

"అవి నిన్ను కరుస్తయా ఏంది!"

ఆ కేకలే నాకు ఉపదేశం. ఇంటికి వెళ్ళి గంభీరంగా రాశాను: "ఈ పరిస్థితిలో ఒకరు కొర్రమీనును ఎంచుకుని డబ్బు కడితే, అప్పుడు వాళ్ళింటికి కొర్రమీను పంపమని సంఘానికి కబురు వెళ్ళాలి." తళతళలాడే నిండు చేప ఫోటో ఒకటి పెట్టాను. పరీక్షలు నడిపాను. తెరంతా అప్పుడే నాట్లు పడ్డ పొలంలా పచ్చబడింది. చేతులెత్తి మొక్కాను.

మృగశిర నాడు పొద్దున్నే బౌరంపేట గేటెడ్ కాలనీ నుంచి ఫోన్.

"చేప పంపింది మీరేనా?"

"అవునండి. అందిందా?"

"అందింది. సింకుల ఈదుతాంది!"

"అంటే... తాజాగా ఉన్నట్టే కదండి?"

"తాజా ఏందయ్యా! దాన్నెవరు కోయాలె? మా ఇంట్ల టమాటలు కోసే చాకు తప్ప ఏం లేదు!"

చేపలు కొనేవాళ్ళు అక్కడికక్కడే పొలుసు తీయించి, ముక్కలు కొట్టించి తీసుకెళ్తారట. మీరు నవ్వుతారు, కానీ పుట్టి బుద్ధెరిగి చేప కొననివాడికి ఎలా తెలుస్తుంది? వంకాయలాగే అదీ సంచిలో పడి ఇంటికి పోతుందనుకున్నాను.

అదే కాలనీ నుంచి ఇంకో అమ్మ. "మా పిల్లలు దానికి చింటు అని పేరు పెట్టిండ్రు. ఇగ చింటును నేనెట్ల వండాలె? పైసలు వాపస్ ఇయ్యుండ్రి!"

బాలమణక్కకు ఫోన్ చేశాను. "కోసి పంపాలని నాకు చెప్పకపోతివి అక్కా!"

"నువ్వు అడిగినవా? ఫోటోల నిండు చేపను పెడ్తివి, ఆన్‌లైనోళ్ళకు గట్లనే కావాలేమో అనుకున్న. కోసుడు గూడ కంప్యూటర్లనే అయితదేమో, నాకేమెరుక!"

"ఇప్పుడెట్ల?"

"సేటు అప్పుడే ఫోన్ జేసి నవ్వుతాండు. నీ మైల గియిల పక్కన పెట్టి, జల్దీ వచ్చి ట్రాలీ ఎక్కు!"

ట్రాలీ ఆటోలో కత్తిపీటలతో చేపలు కోసే అక్కలు, వాళ్ళ నడుమ తులసిమాలతో నేను. కాలనీ గేటు ముందు గోనెపట్టా పరిచారు. జనం బకెట్లతో వరస కట్టారు. కోసే పని నాకు రాదు కనుక, చేపను అందించే ఉద్యోగం ఇచ్చారు.

"తోక గట్టిగ పట్టుకో బిడ్డా!"

"జారుతాంది అక్కా!"

"దాన్ని పట్టుకుంటానవా, బతిలాడుకుంటానవా?"

అది తోకతో నా చెంప ఛెళ్ళుమనిపించింది. దశావతారాల పేర్లన్నీ ఒక్క ఊపిరిలో నా నోట వచ్చేశాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ గోలకు బాల్కనీల్లోంచి జనం దిగొచ్చారు, ఆర్డరే పెట్టనివాళ్ళు కూడా "మాకు గూడ కోసిస్తరా?" అంటూ. చింటును మాత్రం పిల్లలు గేటు దాటనివ్వలేదు. వాళ్ళమ్మ వేరే చేప కొనుక్కుంది. మధ్యాహ్నానికల్లా ట్రాలీ ఖాళీ.

అంతలో సేటు మళ్ళీ ఫోన్ చేశాడు, మిగిలిన చేపలు సగం ధరకు తీసుకుంటానని. బాలమణక్క ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చేతులు కడుక్కుంటూ అంది:

"చేపలేడున్నయి సేటూ? నీక్కావాలంటే ఆన్‌లైన్ల బుక్ చేస్కో. ముక్కలు కొట్టిస్త!"

ఆ శనివారం ఎంత రుద్దుకున్నా పోని వాసనతోనే భజనకు వెళ్ళాను. నాకు ఇరుపక్కలా బోలెడు చోటు దొరికింది. తాళాలు హాయిగా వాయించాను. ఆఫీసులోనేమో నేను ఆ పచ్చ-ఎరుపు పరీక్షల పద్ధతికి ఇక దండం పెట్టేశాననుకున్నారు. వదల్లేదు, వదలను! పద్ధతిలో ఏ లోపమూ లేదు. లారీల అవతలి నుంచి దాన్ని పాటించిన మహానుభావుడిలోనే ఉంది.

కనుక సూర్యచంద్రుల సాక్షిగా శపథం చేస్తున్నాను: వాడేవాళ్ళ పక్కన పీట వేసుకుని కూర్చోనిదే ఒక్క వాక్యం కూడా రాయను. ఎందుకు చెబుతున్నానంటే, కోళ్ళ ఫారాల వాళ్ళు తమకూ ఒక వెబ్ అప్లికేషన్ కావాలన్నారు, నేను సరేనన్నాను. మండలి పెద్దాయనకు ఇంకా తెలియదు. దయచేసి మీరూ ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతో కలిసి వేడుకోండి: "స్వామీ, కోడిని ఎలా అమ్ముతారో అడిగి తెలుసుకునేదాకా వీడి వేళ్ళను కీబోర్డు మీద పడనివ్వకు."