ప్రింటు బటన్ నొక్కానని చెప్పాను

నా కుడిచేతి చూపుడువేలు ఒకసారి ఒక బటన్ నొక్కింది. దాని బరువును పదిహేనేళ్ళుగా మోస్తున్నాను. అన్నం కలుపుతుంటే ఆ వేలు కనపడుతుంది. ఎవరికైనా దారి చూపించబోతే ముందుకొచ్చేది అదే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో అయితే చెప్పగలననిపిస్తోంది.

ముందే ఒక మాట. నేను కోతలరాయుణ్ణి. హిందూపురంలో రేడియోలు, తర్వాత టీవీలు రిపేరు చేసుకుంటూ బతికిన ఇన్నేళ్ళలో నా నోట ఏ సంగతీ ఉన్న సైజులో బయటికి రాలేదు. పాత కంప్యూటర్లకు ఏడు పనులు నేర్పే బోర్డు కనిపెట్టాననీ, మదరాసు నుంచి ఇంజనీర్లు వచ్చి చూసి నోరెళ్ళబెట్టారనీ చెప్పుకుంటుంటాను. ఏడు కాదు, మూడు. మదరాసు నుంచి ఎవరూ రాలేదు. కనిపెట్టింది నేనూ కాదు.

కనిపెట్టింది ప్రభుదాసు. పెనుకొండవాడు. ఒక హైస్కూల్లో సైన్సు ల్యాబు సామాను చూసుకునేవాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న, నన్ను అన్నా అనేవాడు. తొంభైల నడుమ వాళ్ళ స్కూలు మూలన పడేసిన పాత కంప్యూటర్లు నాలుగు మా చేతికొచ్చాయి. కీబోర్డు పెట్టెలోనే కంప్యూటరంతా ఉండి, టీవీకి తగిలిస్తే పనిచేసే రకం. లోకం అప్పటికే వాటిని మరిచిపోయింది. మాకు మాత్రం పిచ్చి పట్టింది. వాటి వెనక ఒక సందు ఉంటుంది. అందులో గుచ్చేలా బోర్డు చేస్తే ఆ ముసలి పెట్టెకు కొత్త పనులు వస్తాయి. ప్రభుదాసు ఒకే బోర్డులో మూడు పెట్టాడు: మెమరీ పెంచడం, ప్రింటరును నడపడం, బయటి మోటార్లను తిప్పడం. అతను లెక్కల నోటుపుస్తకంలో పెన్సిలుతో గీసేవాడు. నేను ఆ గీతలను రాగిరేకు మీదికి పెయింటుతో దించి, యాసిడ్‌లో కడిగి, ముక్కలు పెట్టి సోల్డరింగ్ చేసేవాణ్ణి.

ఒకచోట అతను చిన్న పొదుపు చేశాడు. ఒక చిప్పు హిందూపురంలో దొరకలేదు, దానికోసం బెంగళూరు పోవాలి. పోకుండా ప్రింటరుకూ మోటారుకూ ఒకే నంబరు ఇచ్చాడు. రెండిళ్ళకు ఒకే డోర్ నంబరు అనుకోండి. ఉత్తరం ఏ ఇంటికి పోవాలో ఒక చిన్న తీగ చెబుతుంది. తీగను ఇటు గుచ్చితే ప్రింటరు, అటు గుచ్చితే మోటారు. మార్చడం మరిచిపోతే ప్రింటరుకు పంపింది మోటారుకు పోతుంది. నా అబద్ధం నిలబడింది ఈ తీగ మీదే.

ధర్మవరంలో నాగభూషణమప్ప అని పట్టుచీరల మగ్గాలున్న పెద్దమనిషి ఉండేవాడు. చీర అంచులో బొమ్మలు రావాలంటే మగ్గం పైన రంధ్రాలున్న అట్టల దండ తిరగాలి. ఆ అట్టలకు రంధ్రాలు కొట్టే ఇనుప మిషను ఆయన ఇంట్లో ఉంది, కాలితో తొక్కేది. దానికి మోటారు పెట్టి మా బోర్డుతో నడిపిస్తామన్నాం. మోటారు తిరిగితే పైనున్న ఇనుప దిమ్మ దిగుతుంది. దిమ్మ కింద పెన్సిలు లావు ఉక్కు సూదులు. అట్టను కుక్క ఎముకను కొరికినట్టు కొరుకుతాయి. ఆ బోర్డు గీసింది నేనేనని నాగభూషణమప్పకు ముందే కోతలు కోసి పెట్టాను.

ఆ ఉదయం మొదటి అట్ట చక్కగా కొట్టింది. కొత్త పనిలో మొదటి అట్ట బాగా వస్తే గీసినవాడికి తాంబూలం ఇవ్వడం ఆ ఇంటి ఆనవాయితీ. ఏడెనిమిది మంది నేతగాళ్ళు చుట్టూ నిలబడి ఉన్నారు. నాగభూషణమప్ప పళ్ళెం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఏమప్పా, గీసింది నువ్వే అంటివి గదా. పట్టు."

చేతులు చాపాను. వెనక ప్రభుదాసు నవ్వాడు. కడుపులో ఏమీ పెట్టుకోని నవ్వు అది. ఇప్పుడు తెలుస్తోంది.

"యాడిదప్పా! గీసింది నేను. మా అన్న చెయ్యి టంకానికి బంగారం. గీత గియ్యమంటే మటుకు పామొచ్చి పండుకుంటాది."

నేతగాళ్ళు పగలబడి నవ్వారు. "అయితే ఇన్నాళ్ళూ కోతలేనా పెద్దాయనా?" అన్నాడొకడు. పళ్ళెం నా చేతుల ముందు నుంచి పక్కకు పోయింది. చేతులు అట్లాగే చాపి ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పోయి కంప్యూటరు ముందు కూర్చున్నాను.

రెండో అట్టకు ముక్క ఇరుక్కుంది. ప్రభుదాసు తాంబూలం పక్కన పెట్టి సూదుల కిందికి చెయ్యి దూర్చాడు.

"స్విచ్చి ఆపాల్నా?" అన్నాడు నాగభూషణమప్ప.

"ఎందుకప్పా. బటన్ల కాడ మా అన్న ఉండాడు గదా."

పొరపాటున తగిలిందని రాయడానికి ఎన్నిసార్లు ప్రయత్నించానో. వేలు జారిందని, కళ్ళు చెమర్చాయని, ఎవరో తట్టారని. కాదు. ఆ మాటకూ నా వేలికీ మధ్య ఒక ఊపిరి తీసుకునేంత సమయం ఉంది, ఆ ఊపిరి నేను తీసుకున్నాను, అతని బొటనవేలికి అంటిన సున్నం కూడా చూశాను, వద్దనుకోవడానికి అది చాలు, నేను వద్దనుకోలేదు. కొట్టాలనుకున్నాను. అందరి ముందు చెంప మీద కొట్టే దమ్ము లేక మిషనుతో కొట్టాను.

దిమ్మ దిగింది. అట్టను కొరికినప్పటి చప్పుడు కాదు. తడిగా, మొద్దుగా ఉంది. ఎముక దగ్గర మోటారు ఆగిపోయి గుర్రుమంటూ ఇంకా కిందికి తోస్తూనే ఉంది. ప్రభుదాసు మొదట అరవలేదు. తన చేతిని ఎవరిదో చేతిని చూసినట్టు చూశాడు. తర్వాత అరిచాడు. ఆ అరుపుకు పక్కింటి మగ్గాలు ఆగాయి. ఎవరో వైరు పీకారు. చక్రాన్ని ముగ్గురు పట్టుకుని వెనక్కి తిప్పితే సూదులు ఒక్కొక్కటే పైకి లేచాయి, వాటితోపాటు అతను కూడా లేచాడు. రెండు వేళ్ళు పోయాయి. మూడోది ఉన్నా వంగదు.

అతన్ని భుజాన వేసుకుని ఆసుపత్రి దాకా పరిగెత్తానని చెబుతుంటాను. విన్నవాళ్ళు నా భుజం తడతారు. పరిగెత్తలేదు. నేను కుర్చీలోంచి లేవనే లేదు. నాగభూషణమప్ప తన పంచె చించి కట్టు కట్టాడు, నేతగాళ్ళు మోసుకుపోయారు.

ఏం జరిగిందని అడిగారు. "ప్రింటు బటన్ నొక్కితిని. డిజైను కాగితం మీద చూపిద్దామని," అన్నాను. అంతే. మిగతా అబద్ధం ప్రభుదాసే పూరించుకున్నాడు. మోసుకుపోతుంటే తల తిప్పి, "తీగ... తీగ మార్చలేదే నేను," అన్నాడు. నిజమే, తీగ మోటారు వైపే ఉంది. నేను నిజంగా ప్రింటు నొక్కి ఉన్నా దిమ్మే దిగేది. నా మాట అతని పొదుపులో ప్లగ్గు సాకెట్లో కూర్చున్నట్టు కూర్చుంది.

కట్టు విప్పిన వారానికే బోర్డులన్నీ సంచిలో వేసుకుని నా అంగడికొచ్చాడు. గడప రాయి మీద పరిచి ఎడమచేత్తో సుత్తి ఎత్తాడు. ఎడమచెయ్యి కదా, సగం దెబ్బలు రాయికే తగిలాయి. ముక్క ఎగిరి నుదురు చీరింది. నెత్తురు కంట్లోకి కారుతున్నా కొడుతూనే ఉన్నాడు. నేను సుత్తి లాక్కున్నాను. ఆపడానికి కాదు. మిగిలినవి నేనే పగలగొట్టాను, అతనికంటే గట్టిగా, అతనికంటే గురిగా. అతను తన తప్పును కొడుతున్నాడు. నేను దేన్ని కొడుతున్నాను? ఏ పాపమూ చేయని బోర్డును. ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్కణ్ణి నేను.

అతను మళ్ళీ పెన్సిలు పట్టలేదు. కుడిచెయ్యి పోయినందుకు కాదు. ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు, హాజరు పుస్తకంలో సంతకం చేసేవాడు. గీయడం మాత్రం వదిలేశాడు, తను గీసింది మనుషులను నరుకుతుందని.

పోయినేడు బెంగళూరు నుంచి ఒకాయన వచ్చాడు. పాత కంప్యూటర్లను ప్రేమగా పోగుచేసేవాళ్ళు ఉన్నారట. మా బోర్డు సంగతి విని, మళ్ళీ చేయిస్తామని, గీసినవాడి పేరు దాని మీద అచ్చు వేస్తామని అన్నాడు. నాతో పెనుకొండకు వచ్చి ప్రభుదాసును అడిగాడు. ప్రభుదాసు ఆ నోటుపుస్తకం ఇంకా దాచుకునే ఉన్నాడు. తెచ్చాడు, విప్పలేదు, ఒళ్ళో పెట్టుకున్నాడు. "వద్దు సార్. ఇంకొకరి చెయ్యి పోతాది," అన్నాడు.

ఆయన వెళ్ళిపోయాక ప్రభుదాసు నా వైపు తిరిగాడు. "అన్నా, నా పొదుపుకు నువ్వు గూడా నలుగురి ముందర తల ఒంచుకుంటివి. మనసులో పెట్టుకోవద్దు."

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. ఏమన్నానో తెలుసా?

"పోనీలే ప్రభూ," అన్నాను.

నేను అతన్ని క్షమించాను. నేను, అతన్ని. అతని మొహం తేలికపడింది. ఇంట్లోకి కేకేసి నాకు కాఫీ చెప్పాడు. తాగాను.

సూదులు దిగడం కంటే ఈ రెండో దెబ్బే పెద్దదేమో. మొదటిది కోపం. ఇది తీరిగ్గా కూర్చుని, కాఫీ ఊదుకుంటూ కొట్టింది. అతనికి వెళ్ళి ఎందుకు చెప్పవని మీరడుగుతారు. నేనూ అడుగుతున్నాను. సుత్తి తీసుకుంటాడని భయమా? కాదు. తీసుకోడని. ఆ మూడు వేళ్ళ చేత్తో నా చెయ్యి పట్టుకుని ఏడుస్తాడని. దాన్ని తట్టుకునే మనిషిని కాను.

మీ నుంచి నాకేమీ వద్దు. ఇది రాస్తుంటే రొమ్ములో పట్టేసినదేదో కాస్త సడలింది, నాకు దక్కేది అంతే. అతను మరిచింది ఏమీ లేదు. ఆ బోర్డులో తప్పు లేదు. ప్రింటు బటన్ నేను ముట్టుకోనేలేదు. మోటారు బటన్ నొక్కాను. లోపల చెయ్యి ఉందని తెలిసి నొక్కాను.